చేతిలో డబ్బు కొంచెం – కారుకు ముందు ఏ రిపేరు?

ఒకప్పుడు పల్లెలో కారు ఉన్నదంటే అది పెద్ద భూస్వామి ఇల్లో, కాంట్రాక్టరు ఇల్లో అనుకునేవారు. ఇప్పుడు అలా కాదు. నాలుగెకరాల రైతు ఇంటి ముందు, బడి పంతులుగారి ఇంటి ముందు, చిన్న కిరాణా కొట్టు ముందు కూడా ఒక పాత కారు కనబడుతున్నది. మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మన మండలాల రోడ్ల మీద అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 108 అంబులెన్సు 2005 నుండి మనకు అందుబాటులో ఉన్నా, అర్ధరాత్రి పక్కింట్లో నొప్పులు మొదలైతే ముందు తలుపు తట్టేది కారున్న ఇంటినే. కనుక పల్లెలోని కారు ఆ ఒక్క ఇంటిది మాత్రమే కాదు, ఆ వీధి అంతటిదీ.

అయితే పాత కారును కొనడం ఒక ఎత్తు, నడుపుకోవడం మరొక ఎత్తు. గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటున్నది: “అయ్యగారూ, బండిని షెడ్డుకు తీసుకువెళితే చాంతాడంత లిస్టు రాసిచ్చాడు. అంత డబ్బు ఎక్కడ తెచ్చేది? ఏది చేయించమంటారు?” మేము మెకానిక్కులం కాము. అయినా ఈ ప్రశ్న మెకానిక్‌కు మాత్రమే సంబంధించినది కాదు. ఇంటి ఖర్చుకూ, ఇంటివారి ప్రాణాలకూ సంబంధించినది. అందుచేత అనుభవమున్న మెకానిక్కులను అడిగి తెలుసుకున్న సంగతులను మన కుటుంబాల కోసం ఇక్కడ వ్రాస్తున్నాము.

వినిపించే లోపం, వినిపించని లోపం

మనలో చాలామంది ఏ లోపం ఎక్కువగా విసిగిస్తే దానికే ముందు డబ్బు పెడతారు. ఏసీ చల్లగా రాకపోతే మే నెలలో భరించలేము. తలుపు సొట్టపోతే నలుగురిలో నామోషీగా ఉంటుంది. పాటల పెట్టె మూగబోతే పిల్లలు గొడవ చేస్తారు. ఇవన్నీ కనబడేవి, వినబడేవి. కాని అరిగిపోయిన బ్రేకు ప్యాడ్ నామోషీ తెప్పించదు. గట్టిపడిన టైరు గొడవ చేయదు. చివరి రోజు వరకు అవి నోరు మెదపవు.

అందుచేత రిపేరుల లిస్టు చేతికి వచ్చినప్పుడు, ‘ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉంది?’ అని కాదు, ‘ఇది దారిలో చెడిపోతే ఏమవుతుంది?’ అని ఒక్కొక్కదాని గురించి అడగాలి. జవాబు మూడు రకాలుగా వస్తుంది. మనిషికి దెబ్బ తగులుతుంది. లేదా బండికి పెద్ద ఖర్చు వస్తుంది. లేదా కొంచెం ఇబ్బంది అవుతుంది, అంతే. లిస్టును ఈ మూడు వరుసలుగా విడదీస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మొదటి వరుస: మనిషి ప్రాణానికి సంబంధించినవి

వీటిలో అన్నిటికంటే ముందు బ్రేకులు. బ్రేకు నొక్కినప్పుడు కీచుమని శబ్దం వస్తే ప్యాడ్లు అరిగాయేమో చూపించాలి. ఇనుము ఇనుముతో రాసుకున్నట్టు గరగరమంటే ఇక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. అప్పటికి ప్యాడ్ అయిపోయి డిస్కును కోసివేస్తూ ఉంటుంది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వస్తుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా, బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగుతున్నా అదే రోజు చూపించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ త్వరగా మరుగుతుంది. శ్రీశైలం ఘాటు వంటి దిగుడు రోడ్డులో బ్రేకు మీద కాలు పెట్టుకొని దిగితే ఆ ఆయిల్ మరిగి, పెడల్ నొక్కినా బండి ఆగని పరిస్థితి వస్తుంది. సాధారణంగా రెండేళ్ళకొకసారి ఆ ఆయిల్ మార్పించాలి. అది పెద్ద ఖర్చు కాదు.

రెండవది టైర్లు. టైరు గాడిలో అక్కడక్కడ చిన్న మిట్టలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ మిట్టలతో సమానమైతే దాని ఆయువు తీరినట్టే. వానలో అటువంటి టైరు నీటిని ప్రక్కకు నెట్టలేక నీటి మీద జారిపోతుంది. అరుగుదల మాత్రమే కాదు, వయస్సు కూడా చూడాలి. టైరు ప్రక్క భాగాన నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మన పల్లెల్లో కార్లు తక్కువ తిరుగుతాయి కనుక గాళ్ళు బాగానే కనబడతాయి. కాని ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తాయి. అయిదేళ్ళు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించాలి. ప్రక్కన ఉబ్బు కనబడితే వయస్సు ఎంతైనా మార్చవలసిందే.

రెండు టైర్లకే డబ్బు ఉంటే కొత్తవి వెనుక వేయించమని టైర్ల కంపెనీలు సలహా ఇస్తున్నాయి. వెనుక చక్రాలు పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది. దానిని సరిచేయడం మామూలు డ్రైవరుకు కష్టం. అట్లని అరిగి గుండైన టైర్లను ముందు ఉంచమని కాదు. మిగిలిన రెండు మంచివి ముందుకు మార్పించాలి.

మూడవది స్టీరింగు. స్టీరింగులో ఆట ఎక్కువైనా, గుంతలో పడినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమని కొట్టినా బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు చూపించాలి. బాల్ జాయింటు ఊడితే చక్రం ప్రక్కకు మడతపడిపోతుంది.

ఇక లైట్లు, వైపర్లు, సీటు బెల్టులు. ఇవి లిస్టులో అడుగున ఉంటాయి, ధర కూడా తక్కువే. కాని వెనుక బ్రేకు లైటు వెలగని కారును రాత్రిపూట లారీ డ్రైవరు ఎలా గుర్తుపడతాడు? తుఫాను వానలో వైపరు పని చేయకపోతే ఎదురుగా వచ్చే ఎడ్లబండి ఎలా కనబడుతుంది? వీటికి వాయిదా వేయకూడదు. వెనుక సీటులో కూర్చునేవారి బెల్టులు కూడా పని చేస్తున్నాయో లేదో లాగి చూడాలి.

మరి రెండు సంగతులు మరువకూడదు. బండిలో పెట్రోలు వాసన వస్తే అది నిప్పుకు ఆహ్వానమే. వెంటనే ఆపి చూపించాలి. పొగ గొట్టం ముందు భాగంలో పగిలితే పొగ కారులోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసి ప్రయాణం చేసేటప్పుడు అందరికీ తలనొప్పి, మగత వస్తుంటే అద్దాలు దించి, బండి ఆపి, పొగ గొట్టం పరీక్ష చేయించాలి.

రెండవ వరుస: చిన్న ఖర్చుతో పెద్ద ఖర్చును ఆపేవి

మనిషికి వెంటనే దెబ్బ తగలకపోయినా, ఈ రోజు వందలు పెట్టకపోతే రేపు వేలు పెట్టించేవి ఇవి.

ఇంజను ఆయిల్ వీటిలో మొదటిది. వారానికొకసారి, చదునైన చోట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. అద్దం ముందు బోర్డులో నూనె కూజా వంటి ఎర్ర గుర్తు వెలిగితే ‘ఊరు దగ్గరే కదా’ అని నడపకూడదు. బండి ప్రక్కకు తీసి ఇంజను ఆపివేయాలి. ఆయిల్ లేని ఇంజను కొద్ది నిమిషాలలోనే పట్టివేస్తుంది. అప్పుడు చేయవలసిన ఇంజను పని చాలా పాత కార్ల ధరకు దగ్గరగా వస్తుంది.

తరువాత రేడియేటరు. మన ఎండలకు పాత రబ్బరు పైపులు మెత్తబడి పగులుతాయి. కూలెంటు కారిపోయి ఇంజను కాగిపోతే హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. పైపు ఖర్చు వందల్లో, హెడ్ పని వేలల్లో. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయకూడదు. మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి.

కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి. తెగే ముందు అది ఏ సూచనా ఇవ్వకపోవచ్చు. కనుక మీ బండికి బెల్టు ఉన్నదా, గొలుసు ఉన్నదా, బెల్టు అయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అనేది కంపెనీవారి పుస్తకంలో చూడాలి. పాత బండి కొన్నవారికి ఆ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే, మార్చలేదనే అనుకోవడం మేలు.

పల్లెవారికి మరొక శత్రువు ఎలుక. ధాన్యం బస్తాల ప్రక్కన కారు నిలిపితే ఎలుకలు బానెట్‌లో చేరి వైర్లు, పైపులు కొరుకుతాయి. వైర్లు అంటుకొని మంటలు రావడానికి కూడా ఇది కారణం కావచ్చు. వారానికొకసారి బానెట్ తీసి చూడడానికి ఖర్చు ఏమీ లేదు.

మూడవ వరుస: ఆగగలిగినవి

ఏసీ, సొట్టలు, రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె, అద్దాలు దింపే మోటారు, సెంట్రల్ లాకు. ఇవి అక్కరలేదని మేము చెప్పడం లేదు. పసిబిడ్డతో, వృద్ధులతో ఎండలో ప్రయాణం చేసే ఇంట్లో ఏసీ కూడా అవసరమే. అయితే అది బ్రేకుల తరువాత, టైర్ల తరువాత. తలుపు సొట్ట విషయంలో ఒక్కటి చూడాలి. రంగు లేచి ఇనుము కనబడుతుంటే తుప్పు పట్టకుండా ఆ చోట కొంచెం రంగు పూయిస్తే చాలు. పూర్తి పని తరువాత చేయించుకోవచ్చు.

ఒక ఇంటి లెక్క

మా సంఘంలోని ఒక కుటుంబం ఎదుర్కొన్న సంగతిని వారి అనుమతితో వ్రాస్తున్నాము. పన్నెండేళ్ళ చిన్న కారు. ఇంటి పెద్దాయన కౌలు రైతు. ఇల్లాలు అంగన్‌వాడీ కార్యకర్త. మెకానిక్ ఇచ్చిన లిస్టు ఇది: ముందు బ్రేకు ప్యాడ్లు 1,800 రూపాయలు. రెండు టైర్లు 7,000. వైపర్లు, ఒక హెడ్‌లైటు బల్బు 800. రేడియేటరు పైపు, కూలెంటు 1,200. ఇంజను ఆయిల్, ఫిల్టరు 2,000. ముందు షాక్ అబ్జార్బర్లు 6,000. ఏసీ పని 9,000. తలుపు సొట్ట, రంగు 5,000. మొత్తం 32,800 రూపాయలు. ఊరిని బట్టి, బండిని బట్టి ఈ ధరలు మారతాయి. వారి చేతిలో ఉన్నది 13,000.

ఇంట్లో తలొక మాట. అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులు. “అబ్బాయీ, ఆ సొట్ట తలుపు కారులో పెళ్ళివారి ఇంటికి ఎలా వెళ్తాం? ముందు అది బాగు చేయించు” అన్నది నాయనమ్మ. ఎండాకాలం వస్తున్నది, ఏసీ ముఖ్యమని ఆయన పట్టు. మిగిలిన 20,000 వడ్డీకి తెస్తే అన్నీ ఒకేసారి అయిపోతాయని కూడా ఆయన ఆలోచన. ఇల్లాలు అంతా విని, లిస్టు చేతిలోకి తీసుకొని ఒక్కటే అడిగింది: “ఏవండీ, వీటిలో ఏది చేయించకపోతే మనం ఇంటికి తిరిగి రాకపోవచ్చు?”

ఆ ప్రశ్న తరువాత వాదన సాగలేదు. ప్యాడ్లు, టైర్లు, వైపర్లు, బల్బు కలిపి 9,600 అయింది. పైపు, కూలెంటుకు 1,200. ఆయిల్, ఫిల్టరుకు 2,000. మొత్తం 12,800. చేతిలో రెండు వందలు మిగిలాయి. షాక్ అబ్జార్బర్లను మెకానిక్ మళ్ళీ పరీక్షించి, నెమ్మదిగా నడిపితే కొన్ని నెలలు ఆగవచ్చని చెప్పాడు.

మిగిలిన 20,000 అప్పు సంగతి చూద్దాం. మన ఊళ్ళలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 600. ఏడాదికి వడ్డీ మాత్రమే 7,200. ఏసీ పని ఖర్చుకు అది కొంచెమే తక్కువ. వారు అప్పు చేయలేదు. నెలకు 1,500 చొప్పున ఒక డబ్బాలో వేయడం మొదలుపెట్టారు. నాలుగు నెలలకు షాక్ అబ్జార్బర్ల డబ్బు వచ్చింది. తరువాత ఆరు నెలల పొదుపు ఏసీకి. పెళ్ళివారు వచ్చినప్పుడు తలుపు సొట్టగానే ఉన్నది. దానిని ఎవరూ పట్టించుకోలేదు.

మెకానిక్‌తో మాట్లాడే పద్ధతి

“అన్నీ చూసి చేసేయి బాబూ” అని తాళాలు ఇచ్చి రావడం మన అలవాటు. అలా చేయకూడదు. “మా దగ్గర ఇంత ఉన్నది. ప్రమాదమైనవి ఏవి, ఆగేవి ఏవి, విడిగా రాసివ్వు. మమ్మల్ని అడగకుండా కొత్త పని మొదలుపెట్టవద్దు” అని ముందే మర్యాదగా చెప్పాలి. మంచి మెకానిక్ ఈ మాటకు నొచ్చుకోడు. సామాను ధర ఎంత, కూలి ఎంత అని విడిగా అడగాలి. మార్చిన పాత సామాను చూపించమనాలి. పెద్ద పని అయితే మరొక షెడ్డులో కూడా అడిగి చూడాలి.

ఒకే చోట విప్పే పనులు రెండుంటే కలిపి చేయించడం లాభం. గేరు బాక్సు దించి క్లచ్ ప్లేటు మార్చేటప్పుడే అక్కడి ఆయిల్ సీలు కూడా చూపిస్తే, మరల దించే కూలి తప్పుతుంది.

సెకండ్ హ్యాండు సామాను గురించి చాలామంది అడుగుతారు. తలుపు, అద్దం, సీటు, బంపరు వంటివి పాతవి తెచ్చి వేసుకోవచ్చు. బ్రేకు, స్టీరింగు సామాను, టైర్లు, సీటు బెల్టులు మాత్రం పాతవి వద్దు. అవి ఎంత దెబ్బ తిన్నాయో బయటికి తెలియదు. తక్కువ ధరకు దొరికే నకిలీ ప్యాడ్లు కూడా అటువంటివే. నమ్మకమైన కొట్టులో బిల్లుతో కొనాలి.

కాగితాలు కూడా రిపేరు వంటివే

డబ్బు చాలనప్పుడు చాలామంది ముందు వదిలివేసేది ఇన్సూరెన్సు. మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం ఎదుటివారి నష్టానికి ఇన్సూరెన్సు, అంటే థర్డ్ పార్టీ, తప్పనిసరి. అది లేకుండా మన కారు ఎవరికైనా తగిలితే ఆ పరిహారం మన పొలం, మన ఇల్లు అమ్మి కట్టవలసి రావచ్చు. బండి పాతదై విలువ తగ్గితే పూర్తి పాలసీ బదులు థర్డ్ పార్టీ పాలసీ తీసుకొని, మిగిలిన డబ్బును టైర్లకు వాడుకోవచ్చు. అసలు పాలసీ లేకుండా మాత్రం రోడ్డెక్కరాదు. 15 ఏళ్ళు నిండిన కారును తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ మరల చేయించుకోవాలి. ఆ తరువాత 5 ఏళ్ళకొకసారి. ఈ రుసుము 2022 ఏప్రిల్ నుండి బాగా పెరిగింది. ఆ సంవత్సరం దగ్గర పడుతున్న బండికి పెద్ద రిపేరు చేయించే ముందు ఈ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

ఇక చాలు అనవలసిన సమయం

కొన్ని కార్లు ఎంత పెట్టినా తీరని బాకీ వంటివి. చేయించవలసిన పని ఖర్చు ఆ బండి అమ్మితే వచ్చే ధరకు దగ్గరగా ఉన్నప్పుడు, అడుగు భాగం తుప్పు పట్టి చేతితో నొక్కితే రాలుతున్నప్పుడు, ఏడాదిలో పెట్టిన ఖర్చు బాడుగ కార్లకు అయ్యే ఖర్చును మించినప్పుడు ఆగి ఆలోచించాలి. నాయనగారు కొన్న బండి అన్న మమకారం మంచిదే. అయితే ఆ మమకారానికి పిల్లల ఫీజు డబ్బు పోయడం మంచిది కాదు. అమ్మేటప్పుడు కొనేవారికి లోపాలు దాచకుండా చెప్పాలి. ఆ బండిలో రేపు కూర్చునేది మరొకరి పిల్లలు.

నోటు పుస్తకం, డబ్బా

చివరిగా ప్రతి ఇంటివారు చేయగలిగిన రెండు పనులు. ఒక నోటు పుస్తకం కొని కారులో ఉంచండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పని, ఎంత ఖర్చు అన్నది వ్రాయండి. రెండేళ్ళు తిరిగేసరికి మీ బండి సంగతి మెకానిక్ కంటే మీకే బాగా తెలుస్తుంది. రెండవది, ఒక డబ్బా. పంట వచ్చిన నెలలో ఎక్కువ, లేని నెలలో తక్కువ, ఎంతో కొంత బండి పేరిట వేయండి. ఆ డబ్బును మరి దేనికీ తీయకండి.

ప్రయాణానికి ముందు ప్రార్థన చేసుకోవడం మన ఇళ్ళలో అలవాటు. మంచి అలవాటే. దానితోపాటు నాలుగు టైర్లలో గాలి, స్టెప్నీ, లైట్లు, బ్రేకు పెడల్ చూసుకోవడం కూడా అలవాటు చేసుకుందాం. దీనికి అయిదు నిమిషాలు చాలు. పిల్లలను ప్రక్కన నిలబెట్టుకొని చూడండి. రేపు బండి నడిపేది వారే. ఏ లోపానికి ముందు డబ్బు పెట్టాలో ఇప్పుడే నేర్చుకుంటారు.